మిలాన్‌లో ‘ది లాస్ట్ సప్పర్’ చూడటానికి ముందుగా ఏం చేసుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. వచ్చే జూన్‌లో మా అమ్మను తీసుకొని పది రోజులు ఇటలీ వెళ్లాలనుకుంటున్నాను. గుంటూరులో మా ఇంట భోజనాల బల్లకు ఎదురుగా యేసుప్రభువు కడరాత్రి భోజనం పటం నా చిన్నప్పటి నుంచీ ఉంది. దాని మూలచిత్రాన్ని ఒక్కసారి కళ్లారా చూడాలన్నది అమ్మ కోరిక. రోమ్‌లో దిగి, ఫ్లోరెన్స్, వెనిస్ చూసుకొని, చివరి రోజు మిలాన్ చేరి అక్కడే తిరుగు విమానం ఎక్కాలని అనుకున్నాము. టికెట్ అక్కడికి వెళ్లాక కొనుక్కోవచ్చా? వెళ్లివచ్చినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు:
అక్కడికి వెళ్లాక టికెట్ దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి. ఈ చిత్రం మ్యూజియంలో తగిలించిన పటం కాదు. శాంతా మరియా దెల్లె గ్రాత్సియె మఠంలో సన్యాసులు భోజనం చేసిన గది గోడ మీద చిత్రకారుడు లియొనార్దో దా వించి 1495–98 మధ్య వేసినది. తడి సున్నం మీద వేస్తే రంగు గోడలోకి ఇంకి శతాబ్దాలు నిలుస్తుంది. కానీ ఆయన తీరికగా, దిద్దుకుంటూ వేయాలనుకొని పొడి గోడను ఎంచుకోవడం వల్ల, ఆయన జీవితకాలంలోనే రంగు పెచ్చులుగా లేవడం మొదలైంది. 1978 నుంచి 1999 వరకు ఇరవై ఏళ్లకు పైగా శ్రమించి మిగిలిన రంగును కాపాడారు. జనం ఊపిరిలోని తేమ, బట్టల మీది దుమ్ము దానికి హాని చేస్తాయి కనుక, కొద్దిమందిని మాత్రమే, ఒక తలుపు మూసుకున్నాకే మరొకటి తెరుచుకునే గదుల గుండా లోపలికి పంపి, 15 నిమిషాలకు బయటకు తీసుకువస్తారు. టికెట్లకు అంత కరువు అందువల్లనే.

టికెట్లను అధికారిక వెబ్‌సైటులో సుమారు మూడు నెలలకొకసారి, రాబోయే నెలలకు కలిపి విడుదల చేస్తారు. జూన్ టికెట్లు ఎప్పుడు వస్తాయో ఇప్పటి నుంచే గమనిస్తూ ఉండండి. ఆ రోజు అమ్మకం ఇటలీ మధ్యాహ్నం 12 గంటలకు మొదలైతే, వేసవిలో మనకు మూడున్నర, చలికాలంలో నాలుగున్నర అవుతుందని గుర్తుంచుకోండి. సోమవారం సెలవు. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితమే అయినా రిజర్వేషన్ తప్పనిసరి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటి ఉంది. మిలాన్‌ను చివరి రోజుకు పెట్టుకోకండి. ముందు టికెట్ దొరికిన తేదీని ఖాయం చేసుకొని, ఆ తేదీ చుట్టూ మిగిలిన ఊళ్లను అమర్చుకోండి. రోమ్, ఫ్లోరెన్స్ అటూ ఇటూ జరుగుతాయి గానీ ఈ పావుగంట జరగదు.

ప్రశ్న:
చాలా కృతజ్ఞతలండీ. వీసా రాకముందే టికెట్ కొనడానికి భయంగా ఉంది. మరొక సంగతి: అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు కార్డు మీద మాత్రం ఒక్క అక్షరమే ఉంది. ఇబ్బంది అవుతుందా?

జవాబు:
టికెట్ మీద చూసేవారి పేరు ఉంటుంది, ప్రవేశం దగ్గర గుర్తింపు కార్డుతో సరిచూస్తారు. కనుక పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు ఏ గడిలో ఎలా ఉన్నాయో అక్షరం పొల్లుపోకుండా అలాగే నింపండి. డబ్బు ఎవరి కార్డుతో కట్టారన్నది వేరే సంగతి. ఇటలీకి కావలసిన షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు కాబట్టి ఆ పని ముందే మొదలుపెట్టండి. అప్పటికీ వీసా రాకపోతే, నా మాటగా టికెట్ కొనేయండి. పూర్తి టికెట్ ధర సుమారు 15 యూరోలు. అది పోయినా తట్టుకోవచ్చు, అవకాశం పోతే మళ్లీ ఇంత దూరం రావాలి. అధికారిక టికెట్లు అయిపోతే, గైడుతో కలిపి అమ్మే సంస్థల దగ్గర ఎక్కువ ధరకు దొరకవచ్చు.

మరొకరి జవాబు:
నా పొరపాటు మీరు చేయకూడదని రాస్తున్నాను. నేను సమయానికే చేరాను గానీ, నేరుగా చర్చిలోకి వెళ్లి చిత్రం అక్కడే ఉంటుందని వెతుకుతూ కూర్చున్నాను. భోజనశాలకు దారి చర్చి ముఖద్వారానికి ఎడమ పక్కన వేరుగా ఉంది. అది తెలిసి పరుగెత్తేసరికి మా జట్టు లోపలికి వెళ్లిపోయింది, తలుపు మళ్లీ తెరవలేదు. అరగంట ముందే చేరి, సంచులు లాకర్లో పెట్టేసి నిలబడండి. మెట్రోలో కాదోర్నా స్టేషన్‌లో దిగితే పది నిమిషాల నడక.

లోపలికి వెళ్లాక అమ్మగారికి బల్ల కింద చూపించండి. యేసు పాదాలు ఉండవలసిన చోట గోడ ఖాళీగా ఉంటుంది; 1652లో అక్కడ ద్వారం కోసినప్పుడు అవి పోయాయి. మీ ఇంటి పటంలో పాదాలు ఉంటే, దాన్ని వేసినవారు ఏదో పాత నకలు చూసి వేసి ఉంటారు. 1943 ఆగస్టులో బాంబులు పడి ఆ గది చాలావరకు కూలినా, ఇసుక బస్తాలు పేర్చి ఉంచడం వల్ల ఈ గోడ నిలిచింది. మొదటి పది నిమిషాలు ఫోన్ తీయకుండా చూడనివ్వండి, ఫొటో చివర్లో తీసుకోవచ్చు.