హంపిలో చివరి రోజు: మిగిలినవి చూడాలా, చూసినచోటే కూర్చోవాలా?

తుంగభద్ర తీరం:
ఆరుగురం హంపి వచ్చి మూడు రోజులైంది. విఠలాలయం, రాతిరథం, హజారరామాలయం, కమల మహల్, ఏనుగుల శాల, మహర్నవమి దిబ్బ అన్నీ అయ్యాయి. రేపు శనివారం, చివరి రోజు. కమలాపురంలో గది పన్నెండింటికి ఖాళీ చేయాలి, హోస్పేటలో రైలు రాత్రికి. నది అవతల ఆనెగొంది ఊరు, అంజనాద్రి కొండ చూడకుండా తిరిగివెళ్ళడం ఏమిటని మా మామగారు. మా అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. "మీరు వెళ్ళి రండి, నేను ఎక్కడో ఒకచోట కూర్చుంటాను" అంటోంది. ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. మీరైతే ఏం చేస్తారు?

కొండెక్కినవాడు:
ఇందులో ఆలోచించడానికి ఏముంది? వెళ్ళాల్సిందే. 575 మెట్లు. తెల్లవారగానే మొదలుపెడితే ఎండ ముదరకముందే దిగవచ్చు. పైనుంచి వరిపొలాలు, బండరాళ్ళ గుట్టలు, మధ్యలో తుంగభద్ర. ఆరుగురికీ సెలవులు మళ్ళీ ఎప్పుడు కలిసివస్తాయి? విశ్రాంతి రైల్లో తీసుకోవచ్చు.

తడి తువ్వాలు:
"విశ్రాంతి రైల్లో" అన్నవారు మగవారే అయి ఉంటారని పందెం. ఆరుగురి సంచులు సర్దేది ఎవరండీ? తడి బట్టలు ఏ కవరులో, ఛార్జరు ఏ గోడకు వేలాడుతోంది, మాత్రల డబ్బా ఎవరి సంచిలో పెట్టాం, ఇవన్నీ పన్నెండులోపు తేలాలి. అంజనాద్రికి రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్ళాలి. పైగా శనివారం, ఆంజనేయుడి కొండ. రద్దీ సంగతి చెప్పనక్కరలేదు. మెట్లు దిగి పరుగున వచ్చి, స్నానమైనా చేయకుండా సామాను కట్టే ఇల్లాలికి ఆ కొండ మీది దృశ్యం గుర్తుంటుందా?

శాసనాల పిచ్చి:
నాకు అసలు అభ్యంతరం "అన్నీ అయ్యాయి" అన్న మాట మీద. విరూపాక్షాలయంలో గోపురం నీడ తలకిందులుగా పడే గోడ చూశారా? సన్నని రంధ్రంలోంచి వెలుగు దూరి అవతలి గోడ మీద గోపురాన్ని తిరగేసి చూపిస్తుంది. పెట్టె కెమెరా పనిచేసేది ఈ సూత్రం మీదే. మీరు దిగిన కమలాపురంలోనే పురావస్తు మ్యూజియం ఉంది. ఆవరణలో హంపి మొత్తానికీ నమూనా కట్టి పెట్టారు. మూడు రోజులు తిరిగిన పిల్లలైతే "ఇక్కడే నా చెప్పు తెగింది" అని వేలు పెట్టి చూపిస్తారు. శుక్రవారం సెలవు, మీది శనివారం కనుక ఇబ్బంది లేదు. మెట్లెక్కే పనీ ఉండదు.

కొండెక్కినవాడు:
మగవాడినే, పందెం మీదే. కానీ ఒక మాట వినండి. మా నాన్నగారూ ఇలాగే "మీరు వెళ్ళి రండి" అన్నారు. మేము వినలేదు. యాభై మెట్లకోసారి కూర్చోబెడుతూ పైకి తీసుకువెళ్ళాం. ఇప్పుడు ఇంటికి ఎవరు వచ్చినా కాఫీ చల్లారేదాకా ఆ 575 మెట్లూ ఎక్కిస్తారు. పెద్దవాళ్ళు వద్దన్నంత మాత్రాన వదిలేయడం కూడా తప్పే.

తడి తువ్వాలు:
మీ నాన్నగారికి ఎక్కాలని లోపల ఉంది కాబట్టి ఎక్కారు. ఈ అమ్మగారికి ఏం కావాలో ఎవరైనా అడిగారా? "ఎక్కడో ఒకచోట" అనేది కోరిక కాదు, సర్దుకుపోవడం.

తుంగభద్ర తీరం:
మీరన్నాక ఇప్పుడే వెళ్ళి అడిగాను. చెప్పడానికి మొహమాటపడింది. మొన్న లక్ష్మీనరసింహస్వామి దగ్గర పావుగంటైనా ఉండలేదట. నిజమే. డ్రైవరు ఫోన్ చేస్తున్నాడని నేనే తొందరపెట్టాను. రాయల కాలంలో, 1528లో, ఒకే రాతిలో మలిచిన విగ్రహం, 6.7 మీటర్ల ఎత్తు. తొడ మీది లక్ష్మీదేవి ప్రతిమ ధ్వంసమైపోయినా, ఆమె చేయి మాత్రం స్వామి వీపు మీద మిగిలి ఉందని గైడు చెప్పాడు. నేను అప్పుడు ఫొటోలు తీస్తున్నాను, వినలేదు. అమ్మ విన్నది. ఆ చేయి చూడాలని ఉందట.

శాసనాల పిచ్చి:
ఒక్క చిక్కుంది. ముందు నుంచి ఆ చేయి కనిపించదు. విగ్రహం వెనక్కి వెళ్ళాలి, అక్కడిదాకా పోనిస్తారన్న భరోసా లేదు. ఆమెకు ముందే చెప్పండి.

తడి తువ్వాలు:
పైన కప్పు కూడా లేదు. గొడుగు మరిచిపోకండి.

తుంగభద్ర తీరం:
చెప్పాను. "కనిపించకపోతే కాసేపు కూర్చుని వద్దాం" అంది. మామగారు, మా పెద్దవాడు తెల్లవారకముందే ఆటోలో అంజనాద్రికి వెళుతున్నారు. మేమిద్దరం స్వామి దగ్గరికి. మా ఆవిడ, చిన్నది ఎండెక్కేదాకా నిద్రపోతామని ప్రకటించారు. సంచులు ఈ రాత్రే నేను సర్దుతున్నాను. మాత్రల డబ్బా దొరకడం లేదు.