తాబేలు కండ్లు వాచినయ్, డిప్ప మెత్తగయింది: ఏం చేయాలె?

మిర్యాలగూడ నుంచి, ప్రశ్న:

అందరికీ నమస్తే. మా ఇంట్ల రెండు నీటి తాబేళ్లున్నయ్. పోయిన ఏడాది హైదరాబాద్‌ల అక్వేరియం షాపుకు పోయినప్పుడు పిల్లలు పట్టుబడితే కొన్నం. అప్పుడు రూపాయి బిళ్లంత ఉండె, ఇప్పుడు సబ్బు బిళ్లంత అయినయ్. హాల్ల గాజు తొట్టిల పెట్టినం. అడుగున రంగురాళ్లు, నాలుగు వేళ్ల లోతు నీళ్లు, చిన్న ప్లాస్టిక్ చెట్టు. షాపాయన ఇచ్చిన ఎండు రొయ్యల డబ్బా ఉంది, రోజూ అదే ఏస్తున్నం.

కొద్ది రోజుల నుంచి ఒకటి కండ్లు తెరుస్తలేదు. రెప్పలు ఉబ్బి మూసుకపోయినయ్. తింటలేదు. డిప్ప అంచు ఒత్తితే లోపలికి పోతుంది. రెండోది బాగనే తింటుంది గని దాని డిప్ప మీద తెల్లగ పొరలాగ ఉంది. షాపాయనకు ఫోన్ చేస్తే నీలం మందు రెండు చుక్కలు ఏయమన్నడు. వేసినం, ఏం మారలే. మాది బోరు నీళ్లు, బాగా ఉప్పు. మా అత్తమ్మేమో పాపం తగులుతది, కాలువల ఇడిసిపెట్టమంటుంది. జర ఎవరికన్న తెలిస్తే చెప్పండి.

నల్లగొండ నుంచి, జవాబు:

చెల్లె, ముందు ఒకటి చూడు. కండ్ల ఎనుక, చెవి ఉండే కాడ, రెండు పక్కలా ఎర్రటి పట్టీ ఉందా? ఉంటే అది రెడ్ ఇయర్డ్ స్లైడర్. షాపులల్ల రూపాయి బిళ్లంత పిల్లగ అమ్మేది ఎక్కువగ అదే. అమెరికాల మిసిసిపి నది దిక్కు పుట్టిన జాతి. మన చెరువుల తాబేలు కాదు.

ఎర్ర పట్టీ ఉందనుకొని చెప్తున్న. నువ్వు చెప్పిన రెండు బాధలకూ మూలం చాలా వరకు తిండి, ఎండ. కండ్లు వాచుడు ఎక్కువగ విటమిన్ ఏ తక్కువైతే వస్తది, మురికి నీళ్లుంటే ఇంకా ముదురుతది. ఉత్త ఎండు రొయ్యల మీద పెరిగిన తాబేలు పిల్లలకు ఇది మామూలుగ వచ్చే జబ్బు. ఆ రొయ్యలు అప్పుడప్పుడు పెట్టే చిరుతిండే గని తిండి కాదు. డిప్ప మెత్తబడుడు కాల్షియం లోపం. కాల్షియం పెట్టినా ఒంటికి పట్టాలంటే విటమిన్ డి3 కావాలె, అది ఎండ తగిలితేనే తయారైతది. హాల్ల గాజు కిటికీల నుంచి పడే ఎండ లెక్కల రాదు. దానికి కావాల్సిన అతినీల కిరణాలను అద్దం ఆపేస్తది. నల్లగొండ జిల్లాల ఎండకు కరువా చెప్పు! కానీ తాబేలు డిప్ప మీద అది నేరుగ పడాలె.

ఇయ్యాల్నే చేయాల్సింది ఇది. ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బు తీస్కో, గంగాళమైనా సరే. రంగురాళ్లు మొత్తం తీసెయ్. అవి మింగితే పేగులల్ల అడ్డం పడుతయ్, నోట్లె పట్టేంత రాయి ఏదీ ఉండొద్దు. అడుగు ఖాళీగ ఉంటేనే కడగనీకె కూడా సులువు. ఒక పక్కకు రెండు రాళ్లు పేర్చి వాటి మీద షాబాద్ బండ ముక్క వాలుగ పెట్టు, గరుకు వైపు పైకి. నున్నటి వైపు పైకుంటే జారి పడుతది, కొన్నిసార్లు జారినంక ఎక్కుడే మానుకుంటది. బండ ఒక అంచు నీళ్లల్ల మునిగి ఉండాలె, పైభాగం పూర్తిగ పొడిగ ఉండాలె. తడి ఆరేదాక బయట కూసునుడు దీనికి తిండంత అవసరం. నీళ్లు కనీసం డిప్ప పొడుగుకు ఒకటిన్నర రెట్ల లోతు పోయ్. జబ్బుదానికి మాత్రం తల ఎత్తితే అందేటంత చాలు, నీరసంగ ఉంటే మునిగిపోవచ్చు.

పొద్దుగాల ఎనిమిది లోపు టబ్బును డాబా మీద పెట్టి అరగంట ఉంచు. సగం టబ్బుకు నీడ పడేటట్టు చెక్కనో గోనె సంచో కప్పు. ఏప్రిల్, మే నెలల్ల ఎండ ఎక్కకముందే దించెయ్. తక్కువ నీళ్లు పది పదిహేను నిమిషాలల్లనే కాగుతయ్, తాబేలుకు తప్పించుకునే జాగ ఉండదు. పైన ఇనుప జాలి తప్పకుండ పెట్టు, దాని మీద బరువు కూడా. కోతులు, కాకులు, పిల్లులు మూడూ ఉన్న ఊళ్లు మనవి. దగ్గర మనిషి లేకుండ మాత్రం ఎండల పెట్టొద్దు.

డాబా లేకుంటే ఆ అతినీల కిరణాలిచ్చే యూవీబీ బల్బు కొనాలె. ప్యాకెట్ మీద రాసిన దూరంల కట్టి రోజుకు పది పన్నెండు గంటలు వేయాలె. వెలుగు బాగనే ఉన్నా ఆ కిరణాలు కొన్ని నెలల్లనే తగ్గుతయ్, ఏడాదికి ఒకసారన్న మార్చాల్సిందే.

నీలం మందు ఆపెయ్. దానితోని కండ్లు తెరవయ్.

సూర్యాపేట నుంచి:

మా పాపకు కండ్లకలక వచ్చినప్పుడు డాక్టర్ రాసిన చుక్కలు మిగిలినయ్. అవి ఏస్తే నడుస్తదా? మా దోస్త్ ఒకాయన ఏసిండట.

మహబూబ్‌నగర్ నుంచి, పశువైద్యుడిని:

వేయకండి. మనుషుల కంటి చుక్కల్లో కొన్నిట్లో స్టెరాయిడ్ ఉంటుంది. కంటి నల్లగుడ్డు మీద పుండు ఉంటే అది ఇంకా పెద్దదై చూపే పోవచ్చు. అలాగే విటమిన్ ఏ ఇంజెక్షన్ ఇవ్వమని మందుల షాపులో అడగకండి. తాబేలు బరువు తూచి మోతాదు కట్టాలి, మించితే చర్మం పొరలు పొరలుగా ఊడిపోతుంది. దీనికి డాక్టర్ చూడటమే దారి.

మిర్యాలగూడ అమ్మా, మీరు చెప్పిన లక్షణాల్లో డిప్ప మెత్తబడటం నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. తాబేలును పళ్లెంలో పెట్టి డిప్ప అంచును బొటనవేలితో చాలా మెల్లగా తాకి చూడండి. చిన్న పిల్లకు కాస్త వంగడం సహజమే, ఏడాది దాటిన దానికి గోరులా గట్టిగా ఉండాలి. ఇంకో రెండు చూడండి: నీళ్లలో ఒక పక్కకు ఒరిగి తేలుతోందా, ముక్కులోంచి బుడగలు వస్తున్నాయా? అవి ఉంటే ఊపిరితిత్తులకు జబ్బు పాకినట్టు. ఆ స్థితిలో ఇంటి వైద్యం పనికిరాదు, ఆ రోజే తీసుకెళ్లాలి.

రెండోదాని మీద తెల్ల పొర బహుశా మీ బోరు నీళ్ల సున్నమే. మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో తడిపి రుద్దితే గరుకుగా తగిలి కొంచెం కొంచెంగా పోతుంది. ఉప్పు నీళ్లకు స్లైడర్లు బాగానే తట్టుకుంటాయి. పల్చటి అద్దంలాంటి పలకలు ఊడితే అది పెరుగుదల, భయం లేదు. దూదిలా మెత్తగా పట్టుకున్నా, గుంట పడి వాసన వచ్చినా మాత్రం చూపించండి. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు వాడేవాళ్లు వాటిని ఒక రాత్రి మూతలేని బకెట్లో ఉంచి క్లోరిన్ పోయాక పోయాలి.

మిర్యాలగూడ నుంచి:

అన్నా, డాక్టర్ గారు, చాలా థ్యాంక్స్. ఎర్ర పట్టీ ఉంది. ఒరిగి తేలుత లేదు, బుడగలు లేవు. ఇప్పుడు తిండి ఏం పెట్టాలె? అన్నం, పాలకూర పెట్టొచ్చా? రెండిటినీ ఒకే టబ్బుల ఉంచుడేనా?

నల్లగొండ నుంచి:

వేరువేరుగనే ఉంచు. కండ్లు కనబడనిదాన్ని బాగున్నది కొరుకుతది, తిండి కూడా దక్కనియ్యది.

అన్నం, రొట్టె, పాలు వద్దు. పాలకూర, తోటకూరల కాల్షియాన్ని పట్టేసే గుణం ఉంటది, డిప్ప మెత్తగున్నదానికి అసలే పెట్టొద్దు. మునగాకు మంచిది. క్యారెట్, గుమ్మడి, చిలగడదుంప సన్నగ తురిమి ఏస్తే విటమిన్ ఏ అందుతది. రోజువారీ తిండిగ తాబేళ్ల కోసమే చేసిన గోళీలు కొను, డబ్బా మీద కాల్షియం, విటమిన్ ఏ, డి3 ఉన్నయో లేదో చదివి తీస్కో. వారానికి ఒకటి రెండుసార్లు గాలానికి గుచ్చే ఎర్రలు ఏయొచ్చు, కానీ పత్తి చేన్ల నుంచి తవ్వినవి వద్దు, పురుగుమందు ఉంటది. పిట్టల షాపుల దొరికే కటిల్ ఫిష్ ఎముక ఒక ముక్క నీళ్లల్ల పడెయ్, అదే కొరుక్కుంటది. పైన గట్టి పెంకు మాత్రం తీసెయ్.

ఎంత పెట్టాలంటే గోళీలు దాని తలకాయంత. పిల్లలకు రోజూ, పెద్దగైనంక రోజు విడిచి రోజు, అప్పుడు ఆకుకూర ఎక్కువ చేయాలె. ఇది నీళ్లల్ల ఉంటేనే మింగగలదు, బయట నేల మీద పెట్టి తినలేదని బాధపడొద్దు. కండ్లు మూసుకున్నది తిండిని చూడలేదు కాబట్టి ముక్కు ముందు ఆడించి చూడు. నోరు తెరిచి కుక్కొద్దు.

తిన్న గంటకు నీళ్లు మార్చితే సగం జబ్బులు దగ్గరికి రావు. ఫిల్టర్ పెట్టేటట్టయితే టబ్బుల నీళ్లకు రెండు మూడింతలకు సరిపోయేది తీస్కో, చేపల ఫిల్టర్ దీని మురికికి ఆగదు.

దేవరకొండ నుంచి:

గిన్ని తిప్పలెందుకు, పానగల్ చెరువులనో గుడి కోనేట్లనో ఇడిస్తే అదే బతుకుతది కదా? మావోడు పొలంల దొరికిన తాబేలును కూడా గట్లనే తొట్టిల పెట్టిండు.

మహబూబ్‌నగర్ పశువైద్యుడు:

రెండూ వేరు సంగతులు. స్లైడర్‌ను చెరువులో వదలొద్దు. ప్రపంచంలో స్థానిక జీవులను ఎక్కువగా దెబ్బతీసే 100 పరాయి జాతుల జాబితాలో ఇది ఉంది. యూరోపియన్ యూనియన్ 1997లోనే దీని దిగుమతి ఆపేసింది. మీరన్న పానగల్ ఉదయసముద్రం చెరువులోనో, మా వైపు కోయిల్‌సాగర్ జలాశయంలోనో వదిలితే మన తాబేళ్ల తిండి, ఎండ కాగే చోటు లాక్కుంటుంది. జబ్బు కూడా అంటించవచ్చు. జబ్బుగా ఉన్నదాన్ని కాలువలో వేస్తే అది బతకదు కూడా. అత్తమ్మ గారికి ఈ మాట చెప్పండి.

మీవాడికి పొలంలో దొరికింది మన దేశపు తాబేలు. బురదలో ఉండే, కింద వెనక కాళ్లను మూసుకునే రెక్కల్లాంటి తొడుగులున్న తాబేలు గానీ, నక్షత్ర తాబేలు గానీ అయితే అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. ఇంట్లో పెంచడం నేరం. ఈరోజే అటవీ శాఖ వాళ్లకు అప్పగించమనండి.

ఇంకో మాట, పిల్లలున్న ఇంటికి చాలా ముఖ్యం. ఆరోగ్యంగా కనిపించే తాబేలు మీద కూడా జ్వరం, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు. పిల్లలకు ఇది సోకుతోందనే అమెరికాలో 4 అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించారు. మన దగ్గర షాపుల్లో అమ్మేవి సరిగ్గా ఆ సైజువే. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. టబ్బును వంటింటి సింకులో కడగొద్దు. అయిదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు దీన్ని పట్టుకోకపోవడమే మంచిది.

మిర్యాలగూడ నుంచి:

మా చిన్నోనికి నాలుగేండ్లు. ఇంక ముట్టనియ్యను. డాక్టర్ గారు, ఇక్కడ పశువుల ఆసుపత్రిల తాబేలును చూస్తరా? హైదరాబాద్ పోవాలంటే బస్సుల ఎట్ల తీసుకపోవాలె?

మహబూబ్‌నగర్ పశువైద్యుడు:

ముందు మీ ఆసుపత్రిలో అడగండి. అక్కడ కుదరకపోతే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి ఫోన్ చేసి, తాబేళ్లను చూసే డాక్టర్ ఏ రోజు ఉంటారో కనుక్కుని బయల్దేరండి. ఎక్స్‌రే తీస్తే ఎముకల పరిస్థితి తెలుస్తుంది.

బస్సులో నీళ్లలో పెట్టి తీసుకెళ్లొద్దు, కుదుపులకు నీరసపడ్డది మునుగుతుంది. మూతకు చిల్లులున్న డబ్బాలో తడిపి పిండిన నూలు గుడ్డ పరిచి దాని మీద ఉంచండి. ఏసీ గాలి, కిటికీ ఎండ రెండూ తగలకుండా ఒళ్లో పెట్టుకోండి. బయల్దేరే ముందు తిండి పెట్టొద్దు. వాడిన రొయ్యల డబ్బా, తొట్టి ఫోటో వెంట తీసుకెళ్లండి, డాక్టర్ మొదట అడిగేది అవే. రెండోదాన్ని కూడా తీసుకెళ్లండి. అదే తిండి తిని అదే హాల్లో పెరిగింది కదా.

మిర్యాలగూడ నుంచి:

సరే డాక్టర్ గారు. రెండింటినీ తీసుకపోతం. రంగురాళ్లు తీసేసినం, బండ ముక్క రేపు మా ఆయన తెస్తడు.

నల్లగొండ నుంచి:

బండ అంచులు కోసుకపోయేటట్టు ఉంటే అరగదీసి పెట్టమను చెల్లె.