సేన్ లూయీ క్రిస్టల్ మ్యూజియంకు అమ్మానాన్నలను తీసుకెళ్లవచ్చా?

ప్రశ్న (ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నివాసి):
అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు వచ్చే నెల రాజమండ్రి నుంచి మా దగ్గరికి వస్తున్నారు. నాన్నగారు ముప్పై ఏళ్లు కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. పోయిన ఏడాది హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ చూడటానికి వెళ్లినప్పుడు, దర్బారు హాలులో వేలాడే 19 బెల్జియం షాండ్లియర్ల కింద చాలాసేపు నిలబడిపోయి, ఇన్ని కోణాలు గాజులో ఎలా కోస్తారని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను. మాకు కారులో వెళ్లిరాగల దూరంలో, ఉత్తర వోజ్ కొండల్లో మూడు గాజు మ్యూజియంలు ఉన్నాయి: వింగెన్‌లో లాలిక్, మైజెన్తాల్, సేన్ లూయీ. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నందువల్ల ఒక రోజులో ఒక్కటే చూడగలం. బీరువాల్లో పేర్చిన వైన్ గ్లాసులు చూసి తిరిగి రావడమే అయితే ఆమెను అంత దూరం తిప్పాలని లేదు. ఏది చూపించమంటారు? అలాగే మామూలు గాజుకూ క్రిస్టల్‌కూ అసలు తేడా ఏమిటో కూడా చెప్పగలరా?

జవాబు 1 (రెండుసార్లు వెళ్లినవారు):
మీ నాన్నగారి ప్రశ్నకు జవాబు సేన్ లూయీలో దొరుకుతుంది. ఆ మ్యూజియం, నేటికీ పనిచేస్తున్న కార్ఖానా ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ఆ లోయలో గాజు పని 1586 నుంచి ఉంది. 1767లో ఫ్రాన్స్ రాజు పదిహేనవ లూయీ దానికి రాజ కార్ఖానా హోదా ఇచ్చాడు. అంతవరకు ఇంగ్లండు వారికే తెలిసిన సీసపు క్రిస్టల్‌ను 1781లో ఇక్కడివారు తయారుచేయగలిగారు, మరుసటి ఏడు పారిస్‌లోని రాజ విజ్ఞాన అకాడమీ దానిని గుర్తించింది. 2007లో తెరిచిన మ్యూజియంలో రెండు వేలకు పైగా వస్తువులు ఉన్నాయి.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను గ్లాసుల వరుసలన్నీ గబగబా దాటేసి, పేపర్ వెయిట్ల దగ్గర ఆగిపోయాను. అరచేతిలో ఇమిడే గాజు గోళంలో వందల పూలు ఉన్నాయి. వాటి తయారీ తెలిశాక మళ్లీ మొదటినుంచీ చూశాను. రంగు గాజును పొరలుపొరలుగా ఒక ముద్దగా చేర్చి, అది మెత్తగా ఉండగానే ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని ఒకరికొకరు దూరంగా నడుస్తారు. ముద్ద సాగి కొన్ని మీటర్ల కడ్డీ అవుతుంది, లోపలి పువ్వు మాత్రం ఆకారం చెదరకుండా అంతకంతకూ చిన్నదవుతుంది. చల్లారాక దానిని బిళ్లలుగా నరికి, చుక్కల ముగ్గు పెట్టినట్టు ఒక్కొక్కటే పేర్చి, కరిగిన క్రిస్టల్‌తో కప్పి గోళంగా మలుస్తారు.

రెండోసారి కార్ఖానా లోపలికి వెళ్లడానికే వెళ్లాను. కొలిమి దగ్గర ఊదేవారిని చూడటం బాగుంటుంది గాని, నా మనసులో నిలిచింది సాన పట్టే గది. తిరిగే చక్రం పాత్రకు అడుగున ఉంటుంది, పనివారు పైనుంచి గాజులోకి చూస్తూ అవతలి వైపు గీత కోస్తారు. బయట ముదురు నీలం పొర వేసిన పాత్ర అయితే చూపు కూడా సరిగా ఆనదు, అప్పుడు చేతికి తెలిసే ఒత్తిడినీ రాపిడి శబ్దాన్నీ నమ్ముకోవాలి. ఒక్క గీత లోతు తప్పినా అంతవరకు పడ్డ శ్రమంతా వృథా. కార్ఖానా సందర్శన అన్ని రోజులూ ఉండదు, కాబట్టి ముందే అడిగి రోజు ఖాయం చేసుకోండి. అమ్మగారి మోకాళ్ల సంగతి కూడా అప్పుడే చెప్పండి.

జవాబు 2 (లాలిక్ అభిమాని):
పై సలహాతో ఏకీభవిస్తాను, అయితే లాలిక్‌ను తక్కువ చేయకండి. రెనే లాలిక్ నగల రూపకర్తగా పేరు తెచ్చుకున్నాక గాజువైపు వచ్చి, వింగెన్‌లో 1920ల మొదట్లో కార్ఖానా పెట్టారు. అక్కడి మ్యూజియం 2011లో తెరుచుకుంది. ఆయన పనిలో కోతకన్నా అచ్చు పోతకు ప్రాధాన్యం ఎక్కువ. పొగమంచులా మసకబారిన భాగమూ స్వచ్ఛంగా మెరిసే భాగమూ పక్కపక్కనే ఉండటం దాని అందం. నగలూ అత్తరు సీసాలూ ఇష్టపడేవారికి అదే మొదటి ఎంపిక కావాలి. షాండ్లియర్ కోణాల గురించి అడిగిన మనిషికి మాత్రం సేన్ లూయీయే సరి.

జవాబు 3 (గాజు పరిశ్రమలో పనిచేసినవారు):
తేడా గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. మామూలు గాజులో ఇసుక, సోడా, సున్నం ఉంటాయి. సంప్రదాయ క్రిస్టల్‌లో మూడు పాళ్ల ఇసుకకు రెండు పాళ్ల సీసపు ఆక్సైడు, ఒక పాలు పొటాష్ కలుపుతారు. ఇంగ్లండులో జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ 1674లో పేటెంటు పొందిన గాజు ఈ పద్ధతికి మూలం. ఐరోపా నిబంధనల ప్రకారం లెడ్ క్రిస్టల్ అని చెప్పుకోవాలంటే కనీసం 24 శాతం, ఫుల్ లెడ్ క్రిస్టల్ అనాలంటే 30 శాతం లెడ్ ఆక్సైడు ఉండాలి. సీసం వల్ల గాజు బరువెక్కుతుంది, కాంతిని ఎక్కువగా వంచి రంగులుగా విడదీస్తుంది, పైగా కాస్త మెత్తబడి చక్రానికి లొంగుతుంది. చౌమహల్లాలో నాన్నగారు చూసిన మెరుపు వెనుక ఉన్నది ఈ సూత్రమే. గ్లాసు అంచున వేలితో మీటి చూడమనండి, నాదం సాగుతూ పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. సేన్ లూయీకే వెళ్తాం, కార్ఖానా సందర్శన ఉన్న రోజు అడిగి తెలుసుకుంటాను. అమ్మ ఒక చిన్న గిన్నె కొనుక్కుంటానంటోంది. సీసం ఉంటుందంటున్నారు కదా, వాడుకోవచ్చా?

జవాబు 3 (మళ్లీ):
నిరభ్యంతరంగా కొనమనండి. పళ్లో మిఠాయిలో పెట్టి, వడ్డించి, అయిపోయాక కడిగి తుడిచి పెట్టుకోవచ్చు. పుల్లటివి నిలవ ఉంచితే సీసం మెల్లగా అందులోకి దిగుతుంది, కాబట్టి నిమ్మకాయ ఊరగాయ మాత్రం జాడీలోనే ఉంచమనండి.