వ్యాన్ పైకప్పు ఫ్యాన్ తిరగట్లేదు, 12 వోల్టులు మాత్రం వస్తున్నాయి

దిండి దారి:
మధ్యాహ్నం నుంచి దీని కిందే తలెత్తుకుని నిలబడ్డాను, మెడ పట్టేసింది. ట్రావెలర్ బండిలో మంచం, చిన్న వంటగట్టు పెట్టించుకున్నాం. లోపలి వేడిగాలి బయటికి లాగడానికి పైకప్పుకి 14 అంగుళాల ఫ్యాన్ ఉంది. స్విచ్ వేస్తే టిక్ మంటుంది, అంతే. రెక్క కదలదు. వేలితో తిప్పితే తేలిగ్గానే తిరుగుతోంది. ఫ్యూజు బాగుంది. సాకెట్ దగ్గర మల్టీమీటర్ పెడితే 12.4 చూపిస్తోంది. కరెంటు వస్తోంది కాబట్టి మోటార్ పోయినట్టే కదా? కొత్తది తెప్పించాలంటే వారం పైనే పడుతుందట. ఎల్లుండి అమ్మానాన్నల్ని తీసుకుని అంతర్వేది వెళ్తున్నాం, రాత్రి పడక బండిలోనే. ఈ ఉక్కలో ఫ్యాన్ లేకపోతే పెద్దవాళ్ళు తట్టుకోలేరు. తెలిసినవాళ్ళు కాస్త త్వరగా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

ఉప్పుగాలి:
ఎర్త్ చూడు.

దిండి దారి:
చూడటం అంటే ఎక్కడ చూడాలండీ? మీటర్‌లో 12.4 వస్తోందని రాశాను కదా.

కొబ్బరితోట:
ఫ్యాన్ సంగతి తర్వాత, ముందు దాని అంచు చుట్టూ ఏం పూశారో చెప్పండి. మన దగ్గర చాలామంది సిలికాన్ ట్యూబు నొక్కేసి పని అయిపోయిందనుకుంటారు. ఎండకి పైకప్పు రేకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. ఆ కదలికకి సిలికాన్ అంచు లేచిపోతుంది. పైగా ఒకసారి సిలికాన్ పూసిన చోట మళ్ళీ ఏదీ సరిగా అంటదు, మొత్తం గీకాల్సిందే. అంచు కింద బ్యూటైల్ టేపు (జిగురుగా ఉండే రబ్బరు పట్టీ), పైన స్క్రూల మీద తనంతట తాను పరుచుకునే సీలెంట్ ఉండాలి. జూన్‌లో వానలు మొదలవకముందు ఒకసారి, అక్టోబరు తుఫాన్లకు ముందు ఒకసారి పైకెక్కి చూసుకోవాలి. నీరు దిగితే ముందు ప్లైవుడ్ వాసన వస్తుంది, మరక కనబడేది ఆ తర్వాతే. అప్పటికి లోపల మెత్తబడిపోయి ఉంటుంది.

దిండి దారి:
నీళ్ళు కారట్లేదండి. ఫ్యాన్ తిరగట్లేదు.

భీమవరం వైండింగ్:
తమ్ముడూ, కొత్త ఫ్యాన్‌కి ఇప్పుడే డబ్బు కట్టకు. ముందు నాకు కొన్ని సంగతులు కావాలి. ఆ 12.4 చూసినప్పుడు ఫ్యాన్ తగిలించే ఉందా, సాకెట్ ఊడదీసి చూశావా? మూత పూర్తిగా తెరిచే ఉందా? కొన్ని ఫ్యాన్లకి మూత దగ్గర చిన్న స్విచ్ ఉంటుంది, మూత కొంత లేచేదాకా మోటార్‌కి కరెంటు పోనివ్వదు. రిమోట్ ఉన్న రకమైతే ఆటోలో ఉందేమో చూడు, పెట్టిన ఉష్ణోగ్రత దాటితే గాని తిరగదు. వాన సెన్సర్ ఉంటే దాని మీద ఉప్పు తేమ పట్టినా వానే అనుకుని మూత మూసేస్తుంది. బండికి ఈ మధ్య ఏమైనా పని చేయించావా?

దిండి దారి:
రిమోట్, సెన్సర్ ఏమీ లేవండి. మూత చేత్తో తిప్పేది, పూర్తిగా తెరిచే ఉంది. సాకెట్ ఊడదీసే కొలిచాను, తగిలించి ఉంటే మీటర్ పుల్లలు ఎక్కడ పెడతాం? లోపలి ఎల్‌ఈడీ లైట్లు బాగానే వెలుగుతున్నాయి, అవీ ఇదే బ్యాటరీ మీద. పోయిన నెల పైకప్పు తుప్పు పడితే టింకరింగ్ చేయించి పెయింట్ వేయించాం. దానికీ దీనికీ సంబంధం లేదు.

భీమవరం వైండింగ్:
సంబంధం అక్కడే ఉంటుంది.

మల్టీమీటర్ దాదాపు కరెంటే తాగదు. కనెక్షన్ ఎంత పాడైపోయినా ఒక్క తీగ పోగు ఆనుకుని ఉంటే చాలు, దానికి 12.4 కనబడుతుంది. ఫ్యాన్ అలా కాదు, 3 నుంచి 4 ఆంపియర్లు లాగుతుంది. ఆ లాగుడు పడగానే వోల్టేజి అంతా చెడిన జాయింట్ దగ్గరే పోతుంది, మోటార్‌కి మిగిలేది ఏమీ ఉండదు. లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న ఫ్యాన్ అయితే మొదలెట్టబోయి వోల్టేజి పడిపోవడంతో ఆగిపోతుంది. నీకు వినబడే టిక్ అదే అయ్యుంటుంది. ఎల్‌ఈడీలకి కొంచెం కరెంటు సరిపోతుంది కాబట్టి అవి వెలిగినంత మాత్రాన లైను బాగుందనుకోవద్దు.

కాబట్టి ఫ్యాన్ తగిలించి, స్విచ్ వేసి కొలువు. సాకెట్ వెనకనుంచి గుండుసూది గుచ్చి పుల్ల దానికి ఆనించు, రెండు సూదులూ ఒకదానికొకటి తగలకూడదు. ముందు ఫ్యాన్ రెండు వైర్ల మధ్య ఎంత ఉందో రాసుకో. తర్వాత నల్ల పుల్ల బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర పుల్ల ఫ్యాన్ నల్ల వైరు మీద పెట్టు. మీటర్ తీగ అందకపోతే మధ్యలో మామూలు వైరు కలుపు. అక్కడ సున్నాకి దగ్గరగా రావాలి. వోల్టులు కనబడితే దోషం నల్ల వైపే.

మా షాపుకి చెరువుల మీది ఏరేటర్ మోటార్లు రోజూ వస్తాయి. కాలిపోయిందని తెస్తారు, విప్పితే చాలాసార్లు వైండింగ్ నిక్షేపంగా ఉంటుంది, టెర్మినల్ దగ్గర రాగి పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. సముద్రం దగ్గర తిరిగే బండికీ అదే జబ్బు.

కాకినాడ ఫోర్‌మన్:
ఒక సవరణ. బండిలో ఎర్త్ అనే మాట వాడి కొత్తవాళ్ళని తికమక పెట్టకండి. ఎర్త్ అంటే ఇంట్లో మూడో పిన్ను, భూమిలోకి పోయేది, మామూలుగా దాంట్లో కరెంటు నడవదు. బండికి ఉన్నది బాడీ రిటర్న్, అంటే నెగటివ్. ఫ్యాన్ లాగే కరెంటంతా తిరిగి అందులోంచే బ్యాటరీకి వెళ్తుంది.

ఉప్పుగాలి:
గ్యారేజీలో ఎర్త్ అనే అంటారు.

కాకినాడ ఫోర్‌మన్:
గ్యారేజీలో అంటే అనొచ్చు. ఈ అబ్బాయి దాన్ని ఇంటి ఎర్త్‌లాంటిదే అనుకుని అందులో కరెంటు ఉండదనుకుంటే ప్లస్ వైరు ఒక్కటే చూసుకుంటూ కూర్చుంటాడు. నా బాధ అది.

రావులపాలెం:
ఇవన్నీ సరే, మంచం, గట్టు పెట్టించినట్టు ఆర్‌సీలో ఎక్కించుకున్నారా? మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ చూడండి. ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు దగ్గర పేచీ వస్తుంది. ఫ్యాన్ కన్నా ముందు చూసుకోవాల్సింది ఇది.

దిండి దారి:
అవి తర్వాత మాట్లాడుకుందామండి, దయచేసి.

భీమవరం అన్నగారూ, కొలిచాను. ఫ్యాన్ తగిలిస్తే రెండు వైర్ల మధ్య 2.1. నల్ల వైరుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య 9.8! బ్యాటరీ మీద 12.2 ఉంది. బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక వైరు లాగి ఫ్యాన్ నల్ల వైరుకి తాకించగానే గిర్రున తిరిగింది. ఇప్పుడు దీన్ని పర్మనెంటుగా ఎలా చేయాలి? ఫ్యాన్ నల్ల వైరు పైకప్పు చానల్‌కి ఒక బోల్టు కింద బిగించి ఉంది, దాని చుట్టూ కొత్త పెయింటే.

భీమవరం వైండింగ్:
ఆయ్, అదే. లగ్గు, అంటే వైరు చివర బోల్టు దూర్చే లోహపు రింగు, దాని కింద పెయింట్ పడింది, ఆ కింద తుప్పు కూడా ఉండే ఉంటుంది. బోల్టు తీసి ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, కొత్త లగ్గు ప్రెస్ చేయించి, పళ్ళ వాషర్ వేసి బిగించి, పైన గ్రీజు రాస్తే నడుస్తుంది. కానీ నా మాట వింటే పైకప్పు రేకుని నమ్ముకోకు. ఫ్యాన్ నుంచి బ్యాటరీ దాకా విడిగా నల్ల వైరు లాగెయ్. 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు రానూపోనూ 10 మీటర్లుంటే 4 ఆంపియర్లకి అర వోల్టు దాకా పోతుంది, 2.5 అయితే 0.3. కాబట్టి 2.5 వెయ్యి. మెలిపెట్టి టేపు చుట్టే జాయింట్లు వద్దు. ప్లస్ వైపు ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉందో లేదో కూడా చూడు, ఫ్యాన్ దగ్గర ఉంటే మధ్యలో వైరు రాపిడికి షార్టయినప్పుడు అది కాపాడదు.

రాత్రి ఫ్యాన్ వేసినప్పుడు దానికి దూరంగా ఉన్న కిటికీ ఒకటి కొంచెం తెరిచి ఉంచు, నాన్నగారి తల వైపుదైతే మరీ మంచిది. అన్నీ మూసేస్తే లాగడానికి గాలి ఉండదు, చప్పుడే మిగులుతుంది.

దిండి దారి:
వైరు పాలకొల్లులో తీసుకుంటాను. థాంక్సండీ.

కొబ్బరితోట:
టింకరింగ్ చేసినప్పుడు ఫ్యాన్ అంచు ఊడదీశారా? మళ్ళీ బిగించేటప్పుడు ఏం పూశారు?