జేన్ ఐర్ ఆత్మగౌరవానికి ఆస్తి ఎందుకు అవసరమైంది?

ప్రశ్న (ఎం.ఏ. విద్యార్థిని)

షార్లెట్ బ్రాంటీ 1847లో వెలువరించిన ‘జేన్ ఐర్’ నవలను నా పరిశోధన వ్యాసం కోసం మళ్ళీ చదువుతున్నాను. తాను పేదదాన్నైనా, అందగత్తెను కాకపోయినా ఆత్మలో మీకు సమానురాలినేనని జేన్, తాను పనిచేసే ఇంటి యజమాని రోచెస్టర్‌కు ఎదురుగా నిలబడి చెప్పే ఘట్టం నాకెంతో ఇష్టం. అయితే ఆ ఇద్దరికీ పెళ్ళయ్యే లోపే, మదీరా దీవిలో ఉన్న తండ్రి సోదరుడి ఆస్తి 20,000 పౌండ్లు ఆమెకు దక్కుతుంది. అందులో తన వంతుగా 5,000 మాత్రమే ఉంచుకొని మిగతాది ముగ్గురు బంధువులకు పంచినా, ఆమె ఇక పేదరాలు కాదు. చేతిలో కాసు లేని గవర్నెస్‌ను (యజమాని ఇంట్లో ఉండి పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగినిని) జమీందారు పక్కన సమానంగా నిలబెట్టడానికి రచయిత్రికే ధైర్యం చాలలేదని అనుకోవాలా? పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు)

ధైర్యం చాలలేదనడం తొందరపాటేనమ్మా. ఆస్తి ఆలోచన కథ చివర ఊడిపడలేదు, 24వ అధ్యాయంలో జేన్ మనసులోనే పుట్టింది. పెళ్ళి కుదిరాక రోచెస్టర్ ఆమెను మిల్‌కోట్‌లోని పట్టుబట్టల దుకాణానికి తీసుకెళ్ళి అరడజను గౌన్లకు గుడ్డ ఎంచుకోమంటాడు. ఆమె బతిమాలి వాటిని రెండుకు తగ్గిస్తుంది. అతను ముచ్చటపడిన మెరిసే ఊదారంగు పట్టు, గులాబీ రంగు సాటిన్ వద్దని, నలుపు సాటిన్‌కూ ముత్యపు బూడిదరంగు పట్టుకూ ఎలాగో ఒప్పిస్తుంది. అతను కొంటున్న కొద్దీ ఆమె చెంపలు చిరాకుతోనూ అవమానంతోనూ మండుతాయి. బండిలో కూర్చున్నాక ఆమెకు గుర్తొచ్చేది మదీరాలోని బంధువే: తనకంటూ కాస్త సొంత ఆదాయం ఉంటే బాగుండుననుకొని, ఇంటికి చేరగానే ఆయనకు ఉత్తరం రాయాలని నిశ్చయించుకుంటుంది. ఆ ఉత్తరంలోని పెళ్ళి కబురు అక్కడ ఉన్న మేసన్‌కు, అంటే రోచెస్టర్ మొదటి భార్య సోదరుడికి, తెలియడం వల్లనే కదా, రోచెస్టర్‌కు బతికున్న భార్య ఉందన్న సంగతి చర్చిలో బయటపడింది! స్వతంత్రంగా నిలబడాలని జేన్ వేసిన తొలి అడుగే ఆమెను ఆ దొంగపెళ్ళి నుంచి కాపాడింది.

జవాబు (పాత నవలల పాఠకురాలు)

మాస్టారు చెప్పిన ఆ అవమానానికి మూలం గవర్నెస్ ఉద్యోగంలోనే ఉందండి. చదువూ మర్యాదా యజమాని కూతుళ్ళకు తీసిపోకుండా ఉండాలి, జీతం మాత్రం పుచ్చుకోవాలి. అటు కుటుంబ సభ్యురాలూ కాదు, ఇటు పనివాళ్ళలో మనిషీ కాదు. రోచెస్టర్ భవంతి థార్న్‌ఫీల్డ్‌లో జేన్ జీతం ఏడాదికి 30 పౌండ్లు. విందుకు వచ్చిన అతిథుల మధ్య ఆమె కిటికీ తెర చాటున కూర్చుంటే, లేడీ ఇంగ్రామ్ ఆమెకు వినబడేలాగే, ఆ తరగతి మనుషుల లోపాలన్నీ ఈమె ముఖంలో కనిపిస్తున్నాయంటుంది. షార్లెట్ స్వయంగా 1839లోనూ 1841లోనూ ఇలా ఇతరుల ఇళ్ళలో పనిచేసింది కనుకనే ఆ గదిలోని ప్రతి చూపునూ అంత నిక్కచ్చిగా రాయగలిగింది.

చట్టం సంగతీ గమనించండి. వివాహిత స్త్రీల ఆస్తి చట్టాలు 1870, 1882లలో గాని రాలేదు. అంతకుముందు, ప్రత్యేకమైన ట్రస్టు ఏర్పాటు లేకపోతే, పెళ్ళితో భార్య డబ్బు భర్త సొత్తయ్యేది. అంటే ఆ 5,000 పౌండ్లు పెళ్ళి తరువాత జేన్‌ను కాపాడతాయన్న భరోసా లేదు. వాటి విలువంతా పెళ్ళికి ముందు క్షణంలోనే ఉంది. మీరు నన్ను ఉండనివ్వకపోతే మీ గుమ్మం పక్కనే సొంత ఇల్లు కట్టుకుంటానని ఆమె, కథ చివర్లో చూపు కోల్పోయిన రోచెస్టర్‌తో అనగలిగింది అందుకే.

జవాబు (పరిశోధకుడు)

పై ఇద్దరితో చాలావరకు ఏకీభవిస్తాను గాని, జేన్‌ను వర్గభేదానికి అతీతురాలిగా చూడలేను. పదేళ్ళ వయసులో, కష్టాలు పెట్టే మేనమామ భార్య ఇల్లు వదిలి పేద బంధువుల దగ్గరకు వెళతావా అని అడిగితే, బీదవాళ్ళలో ఒకతెనై బతకలేనంటుంది. ఆ తరువాత మోర్టన్ అనే పల్లెలో రైతుబిడ్డలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన సాయంత్రం తాను ఒక మెట్టు దిగజారినట్టు భావించి, వెంటనే ఆ భావానికి తనను తానే మందలించుకుంటుంది. ఆ మందలింపును రాసిన రచయిత్రి నిజాయితీ నాకు గొప్పగా అనిపిస్తుంది.

మీ ప్రశ్నకు మాత్రం అసలు జవాబు రోచెస్టర్ మొదటి భార్య బెర్తా మేసన్ దగ్గర వెతకాలి. ఎస్టేటు ముక్కలు కాకూడదని దాన్నంతా పెద్దకొడుకుకే ఇచ్చిన రోచెస్టర్ తండ్రి, చిన్నకొడుక్కి జమైకా తోటల యజమాని కూతురితో పాటు వచ్చే 30,000 పౌండ్లు చూసి సంబంధం కుదిర్చాడు. జేన్ వారసత్వం మొత్తం కన్నా అది ఎక్కువ. అయినా పెళ్ళితో అది భర్త వశమైంది, బెర్తా మూడో అంతస్తులో తాళం వెనకాల మిగిలింది, తన కథను తన నోటితో చెప్పే ఒక్క పేజీ కూడా ఆమెకు దక్కలేదు. కాబట్టి డబ్బు ఉందా లేదా అన్నదానికన్నా, అది ఎవరి చేతిలో ఉంది, దాన్ని ఏం చేయాలో ఎవరు నిర్ణయించారు అన్నది మీ వ్యాసంలో ముందు తేల్చండి. తన వారసత్వాన్ని నాలుగు వాటాలుగా పంచాలని జేన్ పట్టుబట్టిన అధ్యాయాన్ని ఆ దృష్టితో మరోసారి చదివి, మీకేమనిపించిందో ఇక్కడే రాయండి.