ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌కు పాత కార్బ్యురేటర్ బైక్‌లో మెయిన్ జెట్ (ఇంధనం వెళ్లే సన్న రంధ్రమున్న భాగం) ఎంత పెంచాలి?

నీతి ఆయోగ్ 2021 ఇథనాల్ రోడ్‌మ్యాప్ ప్రకారం, ఈ0 (ఇథనాల్ లేని పెట్రోల్) కోసం తయారై ఈ10కి ట్యూన్ చేసిన ద్విచక్ర వాహనాలకు ఈ20తో మైలేజీ 3-4 శాతం తగ్గొచ్చు. ఇంజెక్షన్ బళ్లలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటే గాలి-ఇంధన మిశ్రమాన్ని కొంతవరకు అదే సర్దుకుంటుంది. కార్బ్యురేటర్‌కు ఆ వెసులుబాటు లేదు, నా ప్రశ్న దాని గురించే.

కిలో పెట్రోల్ పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. ఈ20కి ఇది 13.5 దగ్గర తేలుతుంది. అంటే శుద్ధ పెట్రోల్‌కు సెట్ చేసిన జెట్‌తో మిశ్రమం పలచబడుతుంది (గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ): చలిలో స్టార్టింగ్ కష్టం, సగం థ్రాటిల్‌లో తడబాటు, ప్లగ్ పింగాణీ తెల్లబడటం.

లెక్క ప్రకారం ఇంధనం దాదాపు 8 శాతం పెరగాలి. జెట్ మీది నంబర్ రంధ్రం వ్యాసమైతే 100 బదులు 104 సరిపోవాలి, ప్రవాహమైతే 108. ఈ తేడా చూడకుండా మార్చితే ప్లగ్ మసిబారుతుంది. ముందు నీడిల్ క్లిప్ ఒక గాడి కిందికి దించి (నీడిల్ పైకి లేచి ఇంధనం పెరిగేలా) చూడటం మేలా, నేరుగా జెట్టే మార్చాలా? పైలట్ జెట్‌కు (ఐడిల్‌లో ఇంధనం ఇచ్చేది) గాలి స్క్రూ సర్దితే చాలా?

ఇంకొకటి, ఫ్లోట్ నీడిల్ (కార్బ్యురేటర్‌లోకి పెట్రోల్ రాకను ఆపే సూది) కొన, ఓ-రింగులు మామూలు నైట్రైల్ రబ్బరువైతే ఉబ్బి పెట్రోల్ ఓవర్‌ఫ్లో అవుతోంది. ఫ్లోరోకార్బన్ రబ్బరు రింగులు వేసినవారు ఎవరైనా ఉంటే, అవి ఎంతకాలం నిలిచాయో దయచేసి చెప్పండి.