స్టాప్ మోషన్ చిత్రాలు సంపన్నుల పోషణ మీదే బతకవలసిందేనా?

నీడలబొమ్మ:

బొమ్మలను కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కొక్క ఫ్రేమే తీసే స్టాప్ మోషన్ గురించి ఎక్కడ మాట వచ్చినా, ఎవరో ఒక కోటీశ్వరుడు పూనుకుంటే తప్ప ఈ కళ నిలవదని అంటున్నారు. అది నిజమేనా, నిజమైతే మనం సంతోషించాలా, కలవరపడాలా అన్నది ఇక్కడ చర్చించాలని కోరుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. సంపన్నుడి డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు. కానీ ఆ డబ్బు తీసుకున్నందుకు స్టూడియో తాళంచెవి ఆయన చేతిలో పెట్టకూడదు.

ఆ డబ్బు ఎంత మేలు చేయగలదో మొదట ఒప్పుకోవాలి. 1923లో జర్మనీలో డబ్బు విలువ రోజురోజుకూ పడిపోతున్నప్పుడు, లూయీ హాగెన్ అనే బ్యాంకరు తన సొమ్ము కరిగిపోకుండా పెద్ద మొత్తంలో ముడి ఫిల్ము కొని పెట్టుకున్నారు. ఆ ఫిల్ముతో పూర్తి నిడివి చిత్రం తీయమని, అప్పటికి పాతికేళ్లు కూడా నిండని లొట్టె రైనిగర్‌ను అడిగారు. పోట్స్‌డామ్‌లో తన ఇంటి గ్యారేజీ పైభాగాన్ని ఆమెకు స్టూడియోగా ఇచ్చారు. ఆమె, ఆమె భర్త కార్ల్ కోఖ్, మరికొందరు సహచరులు కలిసి, నల్లటి అట్టతోనూ పలుచని సీసపు రేకుతోనూ కత్తిరించిన బొమ్మలను గాజుబల్ల మీద పరచి, కింది నుంచి వెలుతురు వేసి, ఒక్కొక్క ఫ్రేమే తీస్తూ 1926 నాటికి 'అహ్మద్ రాకుమారుని సాహసాలు' పూర్తిచేశారు. ఏ నిర్మాణ సంస్థ ఆమెకు మూడేళ్ల వ్యవధి ఇచ్చేది? ఆ వ్యవధి ఒక వ్యక్తి ఇష్టం వల్ల దొరికింది. నా కలవరం కూడా అక్కడే ఉంది, ఎందుకంటే ఆ ఇష్టం మారితే అడిగే దిక్కు ఉండదు.

ఇరవైనాలుగోఫ్రేము:

నీడలబొమ్మ గారూ, మీ కలవరం అర్థమైంది కానీ ఈ పని లెక్క ఒకసారి చూడండి. తెర మీద ఒక సెకను గడవడానికి 24 ఫ్రేములు కావాలి. ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేముల చొప్పున తీసినా, బొమ్మను పన్నెండు సార్లు కదపవలసిందే. పెద్ద స్టూడియోల్లో సైతం ఒక యానిమేటర్ వారమంతా కష్టపడితే చేతికొచ్చేది కొద్ది సెకన్లు మాత్రమే. ఖర్చులో సింహభాగం జీతాలకే పోతుంది. ఏడాది పాటు పని ఆగితే బొమ్మల లోపలి లోహపు కీళ్లు తయారుచేసేవారు, అచ్చులు పోసేవారు, గోరంత చొక్కాకు గుండీలు కుట్టేవారు తలో దిక్కుకూ వెళ్లిపోతారు. అలాంటి బృందాన్ని మళ్లీ కూర్చడం ఎంత డబ్బు పోసినా సులభం కాదు.

నైకీ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఫిల్ నైట్ డబ్బుతో నిలిచిన లైకా స్టూడియో 2009లో వచ్చిన 'కోరలైన్' మొదలుకొని 2019లో వచ్చిన 'మిస్సింగ్ లింక్' దాకా పదేళ్లలో ఐదు చిత్రాలు తీసింది. సుమారు 10 కోట్ల డాలర్ల ఖర్చుతో తీసిన 'మిస్సింగ్ లింక్' ప్రపంచమంతటా కలిపి 2.6 కోట్ల డాలర్ల దగ్గరే ఆగిపోయింది. మార్కెట్ మీదే ఆధారపడిన స్టూడియో అయితే ఆ దెబ్బకు తలుపులు మూసుకునేది. లైకా మూసుకోలేదు, తరువాతి చిత్రం పనిలో పడింది. బొమ్మల ముఖాలను త్రీడీ ప్రింటర్ మీద వేల సంఖ్యలో అచ్చువేసి, భావానికి తగినట్టు మార్చే పద్ధతిని వాళ్లు ఏళ్ల తరబడి మెరుగుపరచుకున్నారు. అందుకు 2016లో ఆస్కార్ అకాడమీ శాస్త్ర సాంకేతిక పురస్కారం వచ్చింది. 'కుబో' అనే చిత్రం కోసం పదహారు అడుగుల అస్థిపంజరం బొమ్మను నిలబెట్టారు. నష్టం వచ్చినా తట్టుకోగల ఆసామి వెనుక లేకపోతే అలాంటి సాహసానికి ఎవరూ ఒడిగట్టరు.

మట్టిచేతులు:

లైకా కథను సగం నుంచి చెబితే ఎలా? ఆ స్టూడియో అంతకుముందు విల్ వింటన్‌ది. 1975లో ఆస్కార్ అందుకున్న 'క్లోజ్డ్ మండేస్' బంకమట్టి చిత్రాన్ని బాబ్ గార్డినర్‌తో కలిసి తీసినవారు, 'క్లేమేషన్' అన్న మాటను వాడుకలోకి తెచ్చినవారు ఆయనే. స్టూడియోను విస్తరించడానికి 1990ల్లో బయటి పెట్టుబడిని ఆహ్వానించారు, ఫిల్ నైట్ అలాగే లోపలికి వచ్చారు. ఆర్థికంగా చిక్కుల్లో పడేసరికి స్టూడియో అజమాయిషీ నైట్ చేతికి వెళ్లింది. తన పేరు మీద ఉన్న సంస్థ నుంచి వింటన్ బయటికి రావలసి వచ్చింది. 2005 నాటికి దాని పేరు లైకాగా మారింది. పోషకుడి కుమారుడు ట్రావిస్ నైట్ దానికి అధిపతి అయ్యారు. ట్రావిస్ స్వయంగా మంచి యానిమేటర్ అన్నది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఆయన దర్శకత్వం వహించిన 'కుబో' చూసిన వారెవరూ ఆ మాట కాదనలేరు. అయితే వారసుడికి ఈ కళ మీద ప్రేమ ఉండడం మన అదృష్టం. ఆయనకు మరో వ్యాపారం మీద మనసు ఉండి ఉంటే, ఇరవైనాలుగోఫ్రేము గారు చెప్పిన ఆ గుండీలు కుట్టే చేతులు ఏమయ్యేవి?

పాతరీలు:

రాజాశ్రయాన్ని కాదన్న పోతనను ఇలాంటి చర్చల్లో తలచుకోవడం మనకు అలవాటు. కానీ కవికి తాటాకు, గంటం చాలు. బొమ్మల చిత్రానికి వర్క్‌షాపు, దీపాలు, ఇరవై మంది జీతాలు కావాలి. ఇక్కడ కృతిభర్త లేకుండా కృతే లేదు. కాబట్టి ఆ స్థానంలో ఎవరిని కూర్చోబెట్టాలన్నదే నిజమైన ప్రశ్న.

ప్రభుత్వాన్ని కూర్చోబెడదామనేవారు బొమ్మల చిత్రాల దర్శకుడు యిర్జీ ట్రింకాను గుర్తుచేసుకోవాలి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత చెకోస్లొవేకియాలో సినిమా జాతీయమైంది, ఆయన బొమ్మల చిత్రాలన్నీ ఆ వ్యవస్థలోనే తయారయ్యాయి. మార్కెట్ బెంగ లేకుండా పూర్తి నిడివి చిత్రాలు తీయగలిగారు. అదే మనిషి 1965లో 'చేయి' అనే పద్దెనిమిది నిమిషాల చిత్రం తీశారు. పూలకుండీలు చేసుకునే ఒక చిన్న కళాకారుడి గదిలోకి ఒక పెద్ద చేయి చొరబడి, తన విగ్రహమే చేయమని మొదట బతిమాలుతుంది, తరువాత బెదిరిస్తుంది, చివరకు బంధిస్తుంది. కళాకారుడు చనిపోయాక అదే చేయి అతనికి ఘనంగా అంత్యక్రియలు జరిపిస్తుంది. ట్రింకా 1969లో మరణించారు, ఆ తరువాత ఆ చిత్రాన్ని నిషేధించారు. కోటీశ్వరుడి చేయి అయినా, ప్రభుత్వం చేయి అయినా, గదిలోకి వచ్చాక చేసే పని ఒకటేనని నాకు అనిపిస్తుంది.

ప్రజల చందాలతో తీయవచ్చు కదా అని ఎవరైనా అడిగితే దానికీ జవాబు ఉంది. 'అనోమలీసా' అనే స్టాప్ మోషన్ చిత్రం కోసం 2012లో ఐదు వేల మందికి పైగా కలిసి సుమారు 4 లక్షల డాలర్లు ఇచ్చారు. చిత్రం పూర్తి కావడానికి దానికి ఎన్నో రెట్లు కావలసి రావడంతో పెట్టుబడిదారులను ఆశ్రయించక తప్పలేదు. ఫిల్ టిప్పెట్ తన 'మ్యాడ్ గాడ్' చిత్రాన్ని చందాలతో, స్వచ్ఛందంగా వచ్చిన సహాయకులతో 2021లో పూర్తిచేశారు. మొదలుపెట్టినప్పటి నుంచి దానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది.

బల్లకిందిమర:

ఇంత పెద్ద పేర్ల మధ్య నా అనుభవం చిన్నదే అయినా చెప్పాలనిపిస్తోంది. మేము నలుగురం ఒక వ్యాపారి సాయంతో పదకొండు నిమిషాల చిత్రం మొదలుపెట్టాము. ఆయన మంచి మనిషి. నెలనెలా ఇస్తానన్నది నోటిమాటే, కాగితం లేదు. ఏడో నెలలో డబ్బు ఆగింది. ఆ రోజు మేము తీస్తున్న షాటులో ఒక ముసలమ్మ కిటికీ మూయడానికి గదిలో నడుస్తోంది. ఎడమ పాదం బల్ల కింది నుంచి బిగించిన మరతో నిలబడి ఉంది, కుడి పాదం గాలిలో ఉంది.

రేపో మాపో డబ్బు వస్తుందన్న ఆశతో బొమ్మను అలాగే పందొమ్మిది రోజులు ఉంచాము. తిరిగి దీపాలు వేసి పాత ఫ్రేముతో పోల్చి చూస్తే, మోకాలి దగ్గర నురుగు రబ్బరు కుంగిపోయింది, చీర మడత జారింది, తేమకు బల్ల చెక్క కాస్త ఉబ్బింది. పాత ఫ్రేముకూ కొత్త ఫ్రేముకూ మధ్య ముసలమ్మ ఉలిక్కిపడినట్టు కనిపించింది. ఆ షాటు మొత్తం పారేశాము. మామూలు సినిమా షూటింగు ఆగితే నటులు ఇంటికి వెళ్లి మళ్లీ వస్తారు. ఇక్కడ సగంలో ఆగిన షాటు మరి పనికిరాదు. అందుకే పోషకుడు ఎంత ధనవంతుడన్నది నేను అడగను, డబ్బు ఎప్పుడు, ఎవరి ఖాతాలో పడుతుందని అడుగుతాను.

ఇరవైనాలుగోఫ్రేము:

మీరు చెప్పింది చదివాక నా వాదనలో ఒక సవరణ చేసుకుంటున్నాను. నష్టాన్ని భరించే శక్తి ఉండడం వేరు, భరిస్తానని రాసివ్వడం వేరు. అయినా, ఇన్ని షరతులు పెడితే ఏ ధనవంతుడు ముందుకు వస్తాడన్న సందేహం నాకు అలాగే ఉంది.

నీడలబొమ్మ:

రావచ్చు, రాకపోవచ్చు. కానీ మనం అసలు అడగడమే మానేశాము. 1972లో పీటర్ లార్డ్, డేవిడ్ స్ప్రాక్స్‌టన్ మొదలుపెట్టిన ఆర్డ్‌మన్ స్టూడియోను చూడండి. ప్రకటనలు తీసుకున్నారు, హాలీవుడ్ డబ్బు తీసుకున్నారు, 2000లో 'చికెన్ రన్'తో గొప్ప విజయం చూశారు. 2018లో తమ సంస్థలో నాలుగింట మూడు వంతుల వాటాను ఉద్యోగుల తరఫున ఒక ట్రస్టుకు అప్పగించారు. స్థాపకులు తప్పుకున్నా స్టూడియోను ఎవరూ కొనుక్కుపోకూడదన్నదే ఆ ఏర్పాటు ఉద్దేశం. సంపన్నుడు వచ్చినప్పుడు కూడా ఇలాంటి ఏర్పాటునే కోరాలి. షూటింగుకు కావలసిన మొత్తం మొదటి ఫ్రేము తీయకముందే విడిగా జమ కావాలి. బొమ్మలు, అచ్చులు, సెట్లు తీసినవారి పేరు మీద ఉండాలి. పోషకుడి పేరు తెర మీద ఎంత పెద్ద అక్షరాలతోనైనా వేయవచ్చు, అందుకు నాకు ఏ అభ్యంతరమూ లేదు. బల్లకిందిమర గారూ, మీ చిత్రం పూర్తయిందా?

బల్లకిందిమర:

లేదండీ. 2,900 ఫ్రేముల దగ్గర ఆగింది, అంటే రెండు నిమిషాలు. ముసలమ్మ బొమ్మ, గది, కిటికీ ఆ వ్యాపారి గోదాములో ఉన్నాయి. కొన్న రసీదులన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి కనుక తిరిగి ఇమ్మని గట్టిగా అడగలేకపోయాము. నురుగు రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పొడిలా రాలిపోతుంది. లోపలి కీళ్లు మాత్రం ఇంకా కదులుతూ ఉండాలి.